స్ట్రైపర్‌కు ఫ్లై ఫిషింగ్: ఏ సామాను కొనాలి, ఎప్పుడు వెళ్లాలి, ఎలా పట్టాలి

ఫ్లై ఫిషింగ్ సామాను కొందామని షాపుకు వెళితే ముందుగా మన చేతిలో పెట్టేది రాడ్. ధర కూడా దానికే ఎక్కువ. స్ట్రైప్డ్ బాస్, అంటే స్ట్రైపర్ చేపను పట్టాలనుకునేవాళ్లు ఆలోచన పెట్టాల్సిన వరుస మాత్రం వేరు. ముందు ఆటుపోట్ల లెక్క (దాని వివరం ఆరో అడుగులో చెబుతాను), తర్వాత లైన్, ఆ తర్వాతే రాడ్, రీల్. ఫ్లై ఏ రంగుది అన్న చర్చ అన్నిటికంటే చివర. ఈ వరుస తిరగేస్తే వెయ్యి డాలర్ల రాడ్ పట్టుకుని చేపలు లేని నీళ్లలో సాయంత్రమంతా విసురుతూ ఉండాల్సిందే.

ఎర గాలమో, స్పిన్నింగ్ రాడ్డో ఎప్పుడైనా పట్టుకుని, ఫ్లై రాడ్ మాత్రం ఇంకా ముట్టనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో చెప్పే చోట్లు ఎక్కువగా న్యూజెర్సీవి. ఎడిసన్, సౌత్ బ్రన్స్‌విక్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు రారిటన్ బే, శాండీ హుక్ ట్రాఫిక్ లేకపోతే గంటలోపు ప్రయాణం. ఆఫీసు అయ్యాక కూడా వెళ్లి రావచ్చు. బోస్టన్, న్యూయార్క్, మేరీల్యాండ్ వైపు ఉన్నవాళ్లు నెలలు కాస్త జరుపుకుంటే సరిపోతుంది.

ఫ్లై ఫిషింగ్ ప్రత్యేకత ఏమిటో ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళతాను. మామూలు గాలంలో ఎర బరువో, సీసం బరువో ముందుకు దూసుకెళ్లి దారాన్ని లాక్కెళుతుంది. ఇక్కడ ఫ్లైకి బరువు దాదాపు ఉండదు, అది కొక్కేనికి కట్టిన ఈకలు, వెంట్రుకలు మాత్రమే. బరువంతా లైన్‌లో ఉంటుంది. మనం విసిరేది లైన్‌ని, ఫ్లై దాని వెనక వెళుతుంది. లైన్ ఎంపికకు ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఇదే.

చేప సంగతి, క్యాలెండర్

ఒంటిమీద ఏడెనిమిది నల్లటి చారలుండే ఈ చేపను ఇక్కడ అందరూ స్ట్రైపర్ అంటారు, మేరీల్యాండ్‌లో రాక్‌ఫిష్ అంటారు. బతుకంతా ఉప్పునీళ్లలో గడిపి, గుడ్లు పెట్టడానికి మాత్రం మంచినీటి నదుల్లోకి ఎక్కుతుంది. వర్షాకాలంలో గోదావరికి ఎదురీదే పులసలాంటిదే అనుకోండి, కాకపోతే ఇది వసంతంలో ఎక్కుతుంది. అట్లాంటిక్ తీరంలోని స్ట్రైపర్లలో ఎక్కువ భాగం చీసాపీక్ బేలోకి వచ్చి కలిసే నదుల్లో పుడతాయి. హడ్సన్, డెలావేర్ నదులు తర్వాతి స్థానాల్లో ఉంటాయి. గుడ్లు పెట్టాక పెద్ద చేపలు తీరం వెంట ఉత్తరానికి మెయిన్ రాష్ట్రం దాకా వెళ్లి, చలి మొదలవగానే తిరిగి దక్షిణానికి దిగుతాయి.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు చిన్న పక్క కబురు. మీ శాన్ ఫ్రాన్సిస్కో బేలో ఉన్న స్ట్రైపర్ల పూర్వీకులు న్యూజెర్సీ చేపలే. 1879లో శాండీ హుక్‌కు దగ్గర్లోని నేవసింక్ నది నుంచి చిన్న చేపల్ని రైల్లో తీసుకెళ్లి అక్కడ వదిలారు.

న్యూజెర్సీ క్యాలెండర్ ఇలా నడుస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో రారిటన్ బేలోని లోతు తక్కువ బురద నేలలు ఎండకు త్వరగా వేడెక్కుతాయి కాబట్టి చేపలు ముందు అక్కడ కదులుతాయి. ఎండ కాసిన రోజు మధ్యాహ్నం తర్వాత, వేడెక్కిన నీళ్లు బయటికి జారే పాటు సమయం ఈ నెలల్లో బాగుంటుంది. ఏప్రిల్ చివర్లో బంకర్ చేపల గుంపులు వస్తాయి, వాటి వెనకే పెద్ద స్ట్రైపర్లు. మే, జూన్‌లలో శాండీ హుక్, సముద్రం వైపు బీచ్‌లు. జూలై, ఆగస్టుల్లో పెద్దవన్నీ ఉత్తరాన ఉన్న మాంటాక్, బ్లాక్ ఐలాండ్, కేప్ కాడ్ వైపు వెళ్లిపోయి ఉంటాయి. సెప్టెంబర్‌లో మల్లెట్ పిల్లలు తీరం వెంట దక్షిణానికి కదులుతాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటి వారాల దాకా ఐలాండ్ బీచ్ స్టేట్ పార్క్ లాంటి చోట్ల చేపలు మళ్లీ ఒడ్డుకు వస్తాయి. ఏడాదిలో ఒక్క నెలే దొరుకుతుందంటే నేను నవంబర్ తీసుకుంటాను. మాంటాక్ పాయింట్ దగ్గర మాత్రం సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే నీళ్లు ఉడుకుతున్నట్టు చేపలు పైకి లేస్తాయి.

నీటి ఉష్ణోగ్రత 50 నుంచి 68 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంటే చేప చురుగ్గా తింటుంది. 70 దాటితే దాన్ని పట్టి వదిలినా బతకడం కష్టం. ఆ రోజుల్లో వెళ్లకపోవడమే మంచిది.

ముందు రూల్స్, తర్వాతే కొనుగోళ్లు

1970లు, 80లలో ఈ చేప దాదాపు ఖాళీ అయిపోయింది. 1984లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసింది, మేరీల్యాండ్ 1985 నుంచి 1990 దాకా వేటను పూర్తిగా ఆపేసింది. 1995 నాటికి చేపలు కోలుకున్నాయని ప్రకటించారు. 2019లో మళ్లీ మితిమీరి పట్టేశారని అంచనాల్లో తేలింది. ఆ తర్వాత చీసాపీక్‌లో పిల్ల చేపల లెక్కలు కూడా వరుసగా తక్కువగానే వస్తున్నాయి. ఇప్పుడున్న కఠినమైన నిబంధనలన్నీ అందుకే.

2023 నుంచి తీర ప్రాంతంలో ఒక మనిషి రోజుకు ఒక్క చేపనే ఉంచుకోవాలి. దాని పొడవు 28 నుంచి 31 అంగుళాల లోపు ఉండాలి. అంతకంటే చిన్నదైనా, పెద్దదైనా వదిలేయాల్సిందే. న్యూజెర్సీలో బేలు, నదులు జనవరి, ఫిబ్రవరిల్లో స్ట్రైపర్‌కు మూసేస్తారు, మార్చి 1న తెరుస్తారు. సముద్ర తీరం ఏడాదంతా తెరిచే ఉంటుంది. డెలావేర్ నదిలో గుడ్లు పెట్టే భాగం ఏప్రిల్, మే నెలల్లో మూసి ఉంటుంది. ఒడ్డు నుంచి మూడు మైళ్లు దాటితే ఫెడరల్ జలాలు, అక్కడ స్ట్రైపర్ పట్టడమే నేరం. న్యూజెర్సీలో ఈ చేపను అమ్మకూడదు కూడా. నిబంధనలు ఏటా మారే అవకాశం ఉంది కాబట్టి సీజన్ మొదట్లో రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

న్యూజెర్సీ ఉప్పునీళ్లకు లైసెన్స్ అక్కర్లేదు, ఉచిత రిజిస్ట్రేషన్ మాత్రం ఏటా చేసుకోవాలి. న్యూయార్క్‌లోనూ అంతే. మసాచుసెట్స్‌లో డబ్బు కట్టి పర్మిట్ తీసుకోవాలి. వీసా మీద ఉన్నవాళ్లు టెన్షన్ లేకుండా చేపలు పట్టుకోవాలంటే ఈ కాగితం ఫోన్‌లో పెట్టుకుని బయల్దేరడం ఉత్తమం. కన్జర్వేషన్ ఆఫీసర్లు నిజంగానే వచ్చి అడుగుతారు, టేపు పెట్టి కొలుస్తారు.

మొదటి అడుగు: లైన్

మూడు రకాల లైన్లుంటాయి. నీటిపైన తేలేది ఫ్లోటింగ్. సెకనుకు ఒకటి రెండు అంగుళాల చొప్పున మెల్లగా మునిగేది ఇంటర్మీడియట్. సెకనుకు ఆరేడు అంగుళాలు మునిగేది ఫాస్ట్ సింకింగ్.

ఒక్క లైనే కొనగలిగితే ఇంటర్మీడియట్ కొనండి. బీచ్‌లో ఎప్పుడూ గాలి, అల ఉంటాయి. తేలే లైన్‌ని అల ఎటు కావాలంటే అటు తోసేస్తుంది, మధ్యలో వదులు వస్తుంది, చేప ఫ్లైని ముట్టినా మన చేతికి తెలియదు. ఇంటర్మీడియట్ అలకు కాస్త కిందకు దిగి బిగువుగా ఉంటుంది. ఫ్లై కూడా చిన్న చేపలు ఈదే లోతులోనే నడుస్తుంది. మోకాలి లోతు నీళ్లలోనైనా, నడుం లోతులోనైనా పనిచేస్తుంది.

రెండో లైన్ ఏది కొనాలన్నది మీరు వెళ్లే చోటును బట్టి ఉంటుంది. బార్నెగాట్ ఇన్‌లెట్ (సముద్రాన్ని, బేను కలిపే ఇరుకు దారి) లాంటి చోట, అంటే నీళ్లు లోతుగా, వడిగా ఉన్నచోట, 300 నుంచి 400 గ్రెయిన్ల (లైన్ బరువును కొలిచే చిన్న కొలత) ఫాస్ట్ సింకింగ్ కావాలి. ఉప్పు కయ్యల్లోనో, మడుగుల్లోనో, లేదా నీటిపైన చప్పుడు చేసే పాపర్లతోనో పట్టాలనుకుంటే ఫ్లోటింగ్. కేప్ కాడ్ దగ్గరి మోనమోయ్ ఇసుక మేటల మీద చేపను కంటితో చూసి విసిరేవాళ్లు కూడా ఫ్లోటింగో, రంగులేని ఇంటర్మీడియట్టో వాడతారు.

పెట్టె మీద ఇంకో రెండు విషయాలు చదవండి. ఒకటి, ‘ట్రాపికల్’ అని ఉంటే కొనొద్దు. ఫ్లోరిడా ఎండకు తయారు చేసిన ఆ లైన్ ఏప్రిల్ నాటి న్యూజెర్సీ చన్నీళ్లలో బిగుసుకుపోయి చుట్టలు చుట్టుకుంటుంది, ఎంత లాగినా సాగదు. ‘కోల్డ్ వాటర్’ అని ఉన్నదే తీసుకోండి. రెండు, గ్రెయిన్ల సంఖ్య. లైన్ నంబర్ పెరిగేకొద్దీ దాని బరువు పెరుగుతుంది, రాడ్ నంబర్ కూడా దానికి సరిపోవాలి. ప్రమాణం ప్రకారం 9 నంబర్ లైన్ మొదటి 30 అడుగుల బరువు 240 గ్రెయిన్లు. కానీ ఉప్పునీటికి అమ్మే 9 నంబర్ లైన్లలో చాలావాటి తల భాగం 300 దాటి ఉంటుంది. ఇది మోసం కాదు. గాలిలో, తక్కువ ఊపులతో దూరం విసరడానికి కావాలనే బరువు పెంచుతారు. కొత్తవాళ్లకు ఆ బరువు సాయమే చేస్తుంది. 30 అడుగులకు అటూ ఇటూ బరువైన తల, దాని వెనక సన్నటి రన్నింగ్ లైన్ ఉన్న రకం తీసుకుంటే రెండు మూడు ఊపుల్లోనే వదిలేయవచ్చు.

మంచి లైన్ ధర 80 నుంచి 100 డాలర్ల దాకా ఉంటుంది. నైలాన్ దారానికి అంత డబ్బా అనిపిస్తుంది. రాడ్ దగ్గర వంద తగ్గించుకోండి, ఇక్కడ మాత్రం తగ్గించొద్దు.

రెండో అడుగు: రాడ్, రీల్

9 అడుగుల పొడవు, 9 నంబర్, నాలుగు ముక్కలుగా విడిపోయే గ్రాఫైట్ రాడ్. ఇంతే.

8 నంబర్ ఎందుకు కాదు? బేల్లో, చిన్న ఫ్లైలతో, గాలిలేని రోజున 8 చాలా సుఖం. కానీ 7 అంగుళాల పెద్ద ఫ్లైని ఎదురుగాలిలో విసరడానికి దానికి శక్తి చాలదు. 10 ఎందుకు కాదు? పెద్ద ఫ్లైలకు, లోతైన ఇన్‌లెట్‌లకు అదే మంచిది, కాని అలవాటు లేని భుజం రెండు గంటల్లో నొప్పెడుతుంది. మంచినీటి చేప ట్రౌట్ కోసం కొన్న 5 నంబర్ రాడ్ ఇంట్లో ఉంటే దాన్ని అక్కడే ఉంచండి. అది చేపను ఆపలేదు, పోరు సాగి సాగి చేప అలసిపోయి చచ్చే ప్రమాదం కూడా ఉంది.

టెంపుల్ ఫోర్క్, ఎకో, రెడింగ్టన్, ఆర్విస్ కంపెనీలు మొదటిసారి కొనేవాళ్ల కోసం 200, 300 డాలర్ల ప్రాంతంలో రాడ్లు అమ్ముతాయి. వాటికీ 900 డాలర్ల రాడ్‌కూ తేడా నిజంగానే ఉంది. అయితే ఆ తేడా తెలియాలంటే చేతికి ముందు రెండు సీజన్ల అభ్యాసం ఉండాలి. విరిగితే ఎలా మార్చిస్తారో కొనేముందే అడగండి. కారు తలుపులో ఇరుక్కుని విరిగే రాడ్లు చేప లాగి విరిగేవాటికంటే ఎక్కువ.

రీల్ దగ్గర చూడాల్సింది సీల్ చేసిన డ్రాగ్. అంటే చేప లాగుతున్నప్పుడు బ్రేక్ వేసే భాగంలోకి ఉప్పు, ఇసుక వెళ్లకుండా మూసి ఉండాలి. మధ్య ఇరుసు లావుగా ఉన్న లార్జ్ ఆర్బర్ రకమైతే ఒక్కో చుట్టుకు ఎక్కువ లైన్ లోపలికి వస్తుంది. లైన్ వెనక రీల్‌కు చుట్టే సన్నటి దారం, అంటే బ్యాకింగ్, 30 పౌండ్ల లాగుడు తట్టుకునేది 150 నుంచి 200 గజాలు పట్టాలి. కుడిచేత్తో విసిరేవాళ్లు ఎడమచేత్తో తిప్పేలా పెట్టించుకోండి, షాపులోనే బ్యాకింగ్, లైన్ ఎక్కించి ఇస్తారు. ఇది 150 నుంచి 200 డాలర్లలో దొరుకుతుంది.

మూడో అడుగు: లీడర్, ముడులు

లైన్‌కూ ఫ్లైకీ మధ్య ఉండే కనిపించని దారం లీడర్. ట్రౌట్‌వాళ్లలా దీని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఇంటర్మీడియట్ లైన్‌కు 40 పౌండ్ల దారం మూడున్నర అడుగులు, దానికి 30 పౌండ్లది రెండడుగులు, చివర 20 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం రెండడుగులు. మొత్తం ఏడున్నర అడుగులు. ఫాస్ట్ సింకింగ్‌కు నాలుగడుగుల 20 పౌండ్ల ముక్క ఒక్కటి చాలు. పొడవు ఎక్కువైతే లైన్ కిందకు దిగినా ఫ్లై పైనే ఉండిపోతుంది.

స్ట్రైపర్ నోరు గరుకుగా ఉంటుందే తప్ప కోసే పళ్లుండవు, కాబట్టి వైరు అవసరం లేదు. అదే నీళ్లలో బ్లూఫిష్ కూడా తిరుగుతుంది, దానివి కత్తెర పళ్లు. అది వస్తే ఫ్లై పోయిందనే అనుకోండి.

మూడు ముడులు నేర్చుకుంటే పని జరుగుతుంది. దారం ముక్కలు కలపడానికి బ్లడ్ నాట్, లీడర్ వెనక చివర లైన్‌కు తగిలించడానికి పర్ఫెక్షన్ లూప్, ఫ్లై కట్టడానికి జారని లూప్ నాట్. చివరిది కట్టినప్పుడు ఫ్లై బిగుసుకుపోకుండా లూప్‌లో అటూ ఇటూ ఆడుతుంది, నిజమైన చేపలా కనిపిస్తుంది. ముడి బిగించేముందు ఉమ్మితో తడపండి, తర్వాత చేత్తో గట్టిగా లాగి చూడండి. చీకట్లో, చలికి వేళ్లు వణుకుతుండగా కట్టాల్సి వస్తుంది కాబట్టి టీవీ ముందు కూర్చుని కళ్లు మూసుకుని కట్టడం ప్రాక్టీస్ చేయండి.

నాలుగో అడుగు: ఫ్లైలు

ఈ ఫ్లైల చరిత్ర ఈ తీరంలోనే నడిచింది. లెఫ్టీ క్రే 1950ల చివర్లో చీసాపీక్ స్ట్రైపర్ల కోసమే డిసీవర్ కట్టాడు. తెల్లటి కోడి ఈకలు తోకగా, జింక తోక వెంట్రుకలు మెడ చుట్టూ ఉంటాయి. విసిరేటప్పుడు కొక్కేనికి చుట్టుకోదు. పెన్సిల్వేనియాకు చెందిన బాబ్ క్లౌజర్ 1980లలో సస్క్వెహానా నదిలో స్మాల్‌మౌత్ బాస్ కోసం కట్టినది క్లౌజర్ మిన్నో. దానికి తల దగ్గర డంబెల్ ఆకారపు బరువైన కళ్లుంటాయి, లాగితే పైకి లేచి, ఆపితే ముక్కు కిందకు పెట్టి దిగుతుంది. న్యూజెర్సీవాడైన బాబ్ పోపోవిక్స్ జింక తోక వెంట్రుకలతోనే లోపల బోలుగా ఉండేలా హాలో ఫ్లై కట్టే పద్ధతి తెచ్చాడు. పెద్ద చేపంత కనిపిస్తుంది, బరువు మాత్రం ఉండదు.

మొదటి ఏడాదికి నా ఎంపిక: తెలుపు, పసుపు కలిసిన చిలకపచ్చ రంగుల్లో మూడు నాలుగు అంగుళాల క్లౌజర్, 5 అంగుళాల తెల్ల డిసీవర్, శాండ్ ఈల్‌లా సన్నగా 4 అంగుళాలుండే ఫ్లై ఒకటి, రాత్రికి నల్లటి హాలో ఫ్లై, సరదాకు ఒక పాపర్. ఒక్కోటి రెండేసి. కొక్కెం సైజు 1/0 నుంచి 3/0. రంగుకంటే ముందు పొడవు, లావు సరిపోవాలి. నీళ్లలో సిల్వర్‌సైడ్స్, శాండ్ ఈల్స్ ఉంటే సన్నటి, చిన్న ఫ్లైలు. బంకర్ పిల్లలుంటే పొట్టిగా వెడల్పుగా ఉన్నవి. పెద్ద బంకర్ అడుగు పొడవుంటుంది, అంత ఫ్లై విసరడం మొదటి ఏడాది పని కాదు.

కొనగానే ప్రతి కొక్కేనికి ఉన్న ముల్లును పటకారుతో నొక్కేయండి. చేప నోట్లోంచి తీయడం సులువు, మన చెవిలోంచి తీయడం ఇంకా సులువు.

మిగతా సామాను

లైన్ బాస్కెట్ తప్పనిసరి. లాగిన లైన్ కాళ్ల దగ్గర అలల్లో పడితే ఇసుక, నాచు పట్టి చిక్కుపడుతుంది. షాపులో అమ్ముతారు, కానీ గిన్నెలు కడిగే ప్లాస్టిక్ టబ్బుకు నడుముకు కట్టే సాగే తాడు బిగించి, అడుగున కేబుల్ టైలు నిలబెట్టినా అదే పని చేస్తుంది. ఏదో ఒక కళ్లజోడు పెట్టుకోవాలి, రాత్రయినా సరే. పొడవాటి పటకారు, ఎర్ర వెలుతురు ఉన్న హెడ్‌ల్యాంప్, కొలిచే టేపు ఉండాలి.

వేడర్ (నీళ్లలో దిగడానికి వేసుకునే, తడవని పొడవాటి ప్యాంటు) వేసుకుంటే పైన బెల్ట్ బిగించకుండా నీళ్లలో దిగొద్దు. పడితే లోపలికి నీళ్లు నిండుతాయి. మనలో ఈత రానివాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు లైఫ్ జాకెట్‌తో మోకాలి లోతు దాటకుండా ఉంటే చాలు, చేపలు అంత దగ్గరికే వస్తాయి. రాళ్ల జెట్టీల మీద మేకుల బూట్లు లేకుండా ఎక్కకూడదు. ఉరుము వినిపిస్తే ఆలోచించకుండా కారులో కూర్చోండి, గ్రాఫైట్ రాడ్ కరెంటును లాగుతుంది.

ఐదో అడుగు: విసరడం

ఇది నీళ్ల దగ్గర నేర్చుకోవద్దు. గడ్డి ఉన్న పార్కుకు వెళ్లి, ఫ్లై బదులు ఉన్ని దారం ముక్క కట్టి, రోజుకు ఇరవై నిమిషాల చొప్పున కొన్ని వారాలు చేయండి. రాడ్‌ని వెనక్కి ఊపి ఠక్కున ఆపాలి. వెనక లైన్ పూర్తిగా సాగేదాకా ఓపిక పట్టి, అప్పుడు ముందుకు తోసి మళ్లీ ఠక్కున ఆపాలి. కొత్తవాళ్లకు కుదరనిది ఈ ఓపికే. మెడ తిప్పి వెనక్కి చూస్తూ విసరండి, ఎంతసేపు ఆగాలో కంటికే తెలుస్తుంది.

అది కుదిరాక డబుల్ హాల్. రాడ్ వెనక్కి వెళుతున్నప్పుడు ఒకసారి, ముందుకు వస్తున్నప్పుడు ఒకసారి, రెండో చేత్తో లైన్‌ని చటుక్కున లాగి వదలడం. లైన్ వేగం పెరుగుతుంది, గాలిని చీలుస్తుంది. ఉప్పునీళ్లలో ఇది రాకుండా ఎక్కువ రోజులు నెట్టుకురాలేం. ఒక్క గంట మంచి గురువు దగ్గర నేర్చుకుంటే వీడియోలు చూసిన నెల ఆదా అవుతుంది.

50 అడుగులు తిన్నగా విసరగలిగితే బయల్దేరవచ్చు. బీచ్‌లో చాలా చేపలు ఒడ్డుకు సమాంతరంగా, మొదటి గాడిలోనే తిరుగుతాయి. నీళ్లలోకి దిగేముందు ఒడ్డునే నిలబడి ఆ గాడిలో నాలుగు సార్లు విసరండి. గాలి మీ కుడివైపు నుంచి వస్తూ, మీరు కుడిచేత్తో విసురుతుంటే కొక్కెం తలకు తగలొచ్చు. అప్పుడు వెనక్కి తిరిగి నిలబడి, వెనక విసురుతోనే ఫ్లైని నీళ్లలోకి వదలాలి.

ఆరో అడుగు: ఆటుపోట్లు, తిథులు

నీళ్లు కదిలితేనే చేప తింటుంది. చిన్న చేపలు ప్రవాహానికి కొట్టుకొస్తుంటే స్ట్రైపర్ ఒక చాటున నిలబడి అందుకుంటుంది. నీళ్లు నిలిచిపోతే అదీ ఆగిపోతుంది. అందుకే గడియారం కంటే టైడ్ టేబుల్ ముఖ్యం. నోవా (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) వాళ్ల వెబ్‌సైట్‌లో ప్రతి చోటికీ ఉచితంగా దొరుకుతుంది. పోటు, పాటు ఆరు గంటలకు కాస్త ఎక్కువగా మారుతుంటాయి, రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. శాండీ హుక్ దగ్గర పోటుకూ పాటుకూ మధ్య నీటి మట్టం సగటున 5 అడుగుల దాకా మారుతుంది, బోస్టన్‌లో తొమ్మిదడుగులు దాటుతుంది, మాంటాక్‌లో రెండడుగులే.

ఇంట్లో గోడకు తెలుగు క్యాలెండర్ వేలాడుతుంటే సగం పని అయినట్టే. అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కల రోజుల్లో పోటు ఎక్కువ, ప్రవాహం వడిగా ఉంటుంది. అష్టమి ప్రాంతంలో బలహీనం. ఇంకో ఉపయోగం ఏమిటంటే, ఒక చోట అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎప్పుడూ ఇంచుమించు ఒకే వేళకు వస్తుంది. శాండీ హుక్ దగ్గర అది ఉదయం, సాయంత్రం 8 గంటలకు అటూ ఇటూ. అంటే ఆ రోజుల్లో చీకటి పడే వేళకు నీళ్లు నిండుగా ఉండి, తర్వాత బయటికి జారడం మొదలవుతుంది. మే, జూన్ నెలల్లో ఆ మొదటి మూడు గంటలు నాకు అన్నిటికంటే నమ్మకమైన వేళ. అష్టమినాడు లెక్క తలకిందులవుతుంది, చీకటి వేళకు నీళ్లు అడుగంటి ఉంటాయి.

ఇన్‌లెట్‌ల దగ్గర ఒక మెలిక ఉంది. పోటు నిండిందని టేబుల్ చెప్పిన నిమిషంలోనే ప్రవాహం తిరగదు. లోపలి బే ఇంకా నిండుతూ ఉంటుంది, నీళ్లు తిరగడానికి గంటో, అంతకంటే ఎక్కువో పడుతుంది. అక్కడ టైడ్ టేబుల్ కాకుండా కరెంట్ టేబుల్ చూడాలి.

చోటు ఎంచుకోవడానికి ఒక పగలు, పాటు అడుగంటినప్పుడు రాడ్ లేకుండా వెళ్లండి. ఇసుక మేటలు, వాటి మధ్య తెగిన గండ్లు, ఒడ్డు పక్క గాళ్లు అన్నీ బయటపడి ఉంటాయి. ఫోటోలు తీసుకోండి. తర్వాత నీళ్లు నిండినప్పుడు ఆ గండ్ల పక్కన నిలబడండి. నీళ్లున్నప్పుడు చూడాలంటే, అల విరిగే చోట మేట ఉన్నట్టు, విరగకుండా ముదురు రంగులో ఉన్నచోట లోతున్నట్టు. టెర్న్ పక్షులు ఒకేచోట దూకుతుంటే కింద ఏదో జరుగుతోంది. శాండీ హుక్‌లో వేసవి పగళ్లు పార్కింగ్ రుసుం ఉంటుంది, రాత్రి చేపలకు వెళ్లేవాళ్లకు విడిగా పర్మిట్ కావాలి. ప్లోవర్ పిట్టలు గూళ్లు పెట్టే భాగాలకు తాడు కట్టి ఉంటుంది, దాటకండి.

ఏడో అడుగు: లాగడం, తగిలించడం

ప్రవాహం ఉన్నచోట దానికి అడ్డంగా, కాస్త ఎగువకు విసరండి. లైన్ బిగువుగా ఉంచి ఫ్లైని ప్రవాహంతో పాటు తిరగనివ్వండి. దిగువకు తిరిగి తిన్నగా అయ్యే క్షణంలో ఎక్కువసార్లు చేప తగులుతుంది. ప్రవాహం తక్కువున్న బీచ్‌లో రాడ్‌ని చంకలో ఇరికించి రెండు చేతులతో మార్చి మార్చి లాగితే ఫ్లై ఆగకుండా ఈదుతుంది. పగలు కాస్త వేగం, మధ్యలో ఆపుతూ. రాత్రి మెల్లగా, ఇంకా మెల్లగా. రాత్రి నల్ల ఫ్లై ఎందుకంటే, కింద నుంచి చూసే చేపకు ఆకాశం మీద నల్లటి ఆకారమే స్పష్టంగా కనిపిస్తుంది. హెడ్‌ల్యాంప్ వెలుగు నీళ్లమీద పడనివ్వకండి.

చేప ఫ్లైని పట్టగానే రాడ్ పైకి ఎత్తాలనిపిస్తుంది. ఎత్తకండి. ఎత్తితే ఫ్లై నోట్లోంచి జారుతుంది. రాడ్ కొస నీళ్ల వైపే ఉంచి, లైన్ పట్టిన చేత్తో పొడవుగా గట్టిగా లాగండి. తగలకపోతే ఫ్లై ఇంకా చేప ముందే ఉంటుంది, రెండోసారి వస్తుంది. బరువు తెలిశాకే రాడ్ ఎత్తాలి. చిన్నదైతే చేత్తోనే లాగేయండి. పెద్దది పరుగు పెడితే బాస్కెట్‌లోని లైన్ వేళ్లకు, బొత్తాలకు చుట్టుకోకుండా వదులుతూ రీల్ మీదకు వెళ్లనివ్వండి. 20 పౌండ్ల దారానికి డ్రాగ్ ఐదు పౌండ్ల లోపు చాలు. రాడ్‌ని నిలువుగా వంచితే కొస విరుగుతుంది. పక్కకు వాల్చి, చేప ఎటు వెళితే దానికి ఎదురు వైపు లాగితే త్వరగా లొంగుతుంది.

ఎనిమిదో అడుగు: వదలడం, లేదా వండడం

పట్టి వదిలిన స్ట్రైపర్లలో 9 శాతం చనిపోతాయని నిర్వాహకులు లెక్క కడతారు. ఆ లెక్క మన చేతుల్లో తగ్గాలంటే చేతులు తడిపి పట్టుకోవాలి, ఇసుక మీదకు ఈడ్చకూడదు, ఫోటో కోసం నీళ్లలోంచి పది సెకన్లకు మించి తీయకూడదు. కింది దవడను బొటనవేలితో పట్టి, రెండో చెయ్యి పొట్ట కింద పెట్టండి. నిలువుగా వేలాడదీస్తే పెద్ద చేపకు లోపల దెబ్బ తగులుతుంది. మొప్పల అంచులు, వీపు మీది ముళ్లు కోస్తాయి జాగ్రత్త. బ్లూఫిష్ నోట్లో మాత్రం వేలు పెట్టకండి. తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి పట్టుకుంటే బలం పుంజుకుని తనే వెళ్లిపోతుంది.

ఉంచుకోవాలంటే 28, 31 అంగుళాల మధ్యదేనని టేపుతో తేల్చుకుని, వెంటనే మొప్పలు కోసి రక్తం పోనిచ్చి ఐస్‌లో పెట్టండి. మాంసం తెల్లగా, గట్టిగా ఉంటుంది, పులుసులో ముక్క విరగదు. కాకపోతే హడ్సన్, రారిటన్ ప్రాంతపు స్ట్రైపర్లలో పీసీబీ రసాయనాలున్నాయని రాష్ట్రం హెచ్చరికలు ఇచ్చింది. గర్భిణులకు, పిల్లలకు పెట్టకండి. ఈ రసాయనాలు కొవ్వులో చేరతాయి కాబట్టి చర్మం, దాని కింద ఎర్రగా ఉండే భాగం, పొట్ట కొవ్వు తీసేసి వండుకోవాలి. తలకాయ పులుసు ఆశ ఇక్కడ వదులుకోవాల్సిందే.

ఇంటికొచ్చాక

ఎంత రాత్రయినా రాడ్, రీల్ మంచినీళ్లతో కడగండి. గొట్టం ధార జోరుగా కొడితే ఉప్పు రీల్ లోపలికి పోతుంది, మెల్లగా పోయండి. డ్రాగ్ వదులు చేసి ఆరబెట్టండి. రాడ్ ముక్కలు విడదీయకుండా వదిలేస్తే ఉప్పుకు అతుక్కుపోతాయి. తడి ఫ్లైని పెట్టెలో పెట్టొద్దు, ఒక్క తడి ఫ్లై పెట్టెలోని కొక్కేలన్నిటికీ తుప్పు పట్టిస్తుంది. నెలకోసారి లైన్‌ని గోరువెచ్చటి సబ్బు నీళ్లలో నానబెట్టి గుడ్డతో తుడిస్తే రింగుల్లోంచి మళ్లీ నున్నగా జారుతుంది. లీడర్ చివరి రెండడుగులు ప్రతి ట్రిప్పుకూ కొత్తది కట్టండి, దాని ఖర్చు డాలర్ కూడా కాదు.